రీస్టార్ట్ చేయకూడని పూట

ఆ ఆసుపత్రిలో ఆమె అసలు పేరు జీతాల సెక్షనుకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆయాల దగ్గర్నుంచి పెద్ద డాక్టరు దాకా అందరికీ ఆమె సర్వరక్కే. పాత భవనంలో మెట్ల కింద, ఒకప్పుడు చీపుళ్ళూ బకెట్లూ పెట్టుకున్న గది ఆమె రాజ్యం. అందులో ఒక సర్వరు, ఒక ఏసీ, సొరుగున్న ఒక బల్ల, ఒక కుర్చీ. రెండో మనిషి లోపలికి వస్తే గాలాడక మిషను చస్తుందని చెప్పి ఎవర్నీ గడప దాటనిచ్చేది కాదు. నిజానికి మిషనుకేమీ కాదు, ఆమెకే చిరాకు.

వచ్చింది టైపిస్టుగా. కేసు షీట్లు టైపు చేసుకుంటూ తన మానాన తాను ఉంటే, సర్వరు చూసే ఇంజినీరు ఒకరోజు తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, "కొత్తాయన వచ్చేదాకా కాస్త చూస్తూ ఉండండి మేడమ్" అని చక్కా పోయాడు. ఆ కొత్తాయన ఇంతవరకూ రాలేదు. చూస్తూ ఉండమన్నారు కదా అని ఆమె చూస్తూనే నేర్చుకుంది. ఇంట్లో గురువు ఎలాగూ ఉన్నాడు. ఆమె భర్త ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. "ముందు చెవి పెట్టి విను, తర్వాతే స్క్రూడ్రైవరు పట్టు" అనేది ఆయన పాఠం. ఆ పాఠంతోనే ఫ్యాను మోత మారితే దుమ్ము పట్టిందనీ, డిస్కు టకటకలాడితే దానికి రోజులు దగ్గరపడ్డాయనీ ఆమె పసిగట్టేది. మిగతా విద్యంతా చెడగొట్టి నేర్చుకున్నదే. "మనుషుల డాక్టరువి కాకపోతివి, బతికిపోయాం" అని అత్తగారు ఎకసెక్కాలాడేది.

ఆ సర్వరులో ఉండేది లినక్స్. బొమ్మల మీద మౌసుతో నొక్కడాలుండవు. నల్లటి తెర మీద ఏం కావాలో టైపు చేసి చెప్పాలి. చెప్పింది చేస్తుంది. ఆమె పెట్టుకున్న తీరులో అది 'నిజంగానా?' అని కూడా అడగదు. టైపిస్టు వేళ్ళు కాబట్టి ఆమెకు ఆ మొండి మనిషితో బాగానే కుదిరింది. కాకపోతే ఆ వేళ్ళు ఒక్కోసారి బుర్రకంటే ముందు పరుగెత్తేవి.

నిజం చెప్పొద్దూ, ఆమె వైద్యంలో ముప్పాతిక వంతు ఒకటే మందు. ఆపి మళ్ళీ పెట్టడం. ప్రింటరు అలిగిందా, ఆపి మళ్ళీ పెట్టు. ఎక్స్‌రే బొమ్మలు తెరుచుకోవడం లేదా, ఆపి మళ్ళీ పెట్టు. తను సెలవు పెట్టిన రోజు కొంప మునగకూడదని రిపోర్టుల కౌంటరు పెద్దాయనను ఒకసారి గది గడప దాటించి మరీ నేర్పింది. "ఇదిగో బాబాయ్, ముందున్న ఈ బటను. ఆరిపోయేదాకా గట్టిగా నొక్కి పట్టుకో. కాస్త ఆగి మళ్ళీ నొక్కు. అంతే." పెద్దాయన ఆ విద్యను ఒంటబట్టించుకున్నాడు. ఇంట్లో గ్రైండరు ఆగినా అదే చేస్తున్నానని గొప్పగా చెప్పుకునేవాడు.

కొత్త భవనం రెండో అంతస్తులో మాటల గది ఉంది. గొంతు జబ్బు ముదిరి స్వరపేటిక తీసేయాల్సిన వాళ్ళు ఆపరేషనుకు ముందు అక్కడ కూర్చొని తమ గొంతును రికార్డు చేయించుకుంటారు. తర్వాత చేతిలో ఇమిడే ఒక పరికరంలో టైపు చేసుకుంటే వాళ్ళ గొంతుతోనే మాట వస్తుంది. అద్దాల గది, మైకులు అక్కడ. మాట్లాడింది రికార్డు చేసే ప్రోగ్రామూ ఫైళ్ళూ మాత్రం ఇక్కడ, మెట్ల కింద సర్వరులో. ఏ రోజు రికార్డింగును ఆ రోజు సాయంత్రమే మరో చోటికి కాపీ చేసి దాస్తారు.

ఆ నెలలో అక్కడికి వస్తున్నది ఒక డ్రైవింగ్ మాస్టారు. ముప్పై ఏళ్ళుగా పక్క సీట్లో కూర్చొని కేకలేసిన గొంతు. మొదటి రోజు ఆయన ఒక నవ్వు నవ్వితే కారిడార్‌లో నర్సు ఉలిక్కిపడి ట్రే వదిలేసింది. సర్వరక్క మైకు తీగ మార్చడానికి వెళ్ళినప్పుడు, "అమ్మా, నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఇంతవరకు ఒక్క మనిషినీ గుద్దలేదు. గేట్లు, గోడలు, చెత్తకుండీలు... అవి లెక్కలోకి రావు" అని కబుర్లు చెప్పాడు. రోజులు గడిచేకొద్దీ ఆ గొంతు బొంగురుపోయింది. చివరి రికార్డింగు రోజే ఆపరేషను పెట్టారు. ఇక ఆలస్యం చేస్తే ఊపిరికే ముప్పని డాక్టరు తేల్చేశాడు.

సరిగ్గా ఆ వారం మొదట్లోనే రికార్డింగులు దాచే డిస్కు టకటకలాడటం మొదలుపెట్టింది. కొత్తది వచ్చేదాకా రికార్డింగులు రెండో డిస్కులోని తాత్కాలిక ఫోల్డరులోకి వెళ్ళేలా సర్వరక్కే మార్చింది. మంచి పనే చేసింది. ఆ సాయంత్రమే అత్తగారికి కంటి ఆపరేషనయింది. రాత్రంతా లేచి చుక్కల మందు వెయ్యడం, పొద్దున్నే గంజి కాచి పెట్టి పరుగెత్తుకు రావడం. ఆ నిద్రలేని తలలోంచి తను చేసిన మార్పు కాస్తా జారిపోయింది. మర్చిపోయింది, అంతే. దానికి ఇంకో పేరు పెట్టి లాభం లేదు.

మాస్టారి చివరి రికార్డింగు రోజు పొద్దున కౌంటరు పెద్దాయన ఫోను చేశాడు. "అమ్మా, ఒక్క రిపోర్టూ బయటికి రావడం లేదు. జనం నన్ను నమిలి మింగేసేలా ఉన్నారు."

"ఏమంటోంది బాబాయ్?"

"ఏదో నిండిపోయిందంటోంది. నిండింది నా కడుపైతే కాదు, ఇంకా టీ కూడా తాగలేదు."

నవ్వుకుంటూ తెర ముందు కూర్చుంది. రెండో డిస్కు అంచుదాకా నిండిపోయి ఉంది. ఎక్కువ చోటు తినేస్తున్న ఫైళ్ళేవో చూపించమంది. అన్నిటికంటే పైన ఒకటి కనిపించింది. తాత్కాలిక ఫోల్డరు, అంకెలూ అక్షరాలూ కలగాపులగమైన పిచ్చి పేరు, కొండంత సైజు. ఇలాంటి చెత్తను ఆమె ఎన్నోసార్లు ఊడ్చి పారేసింది. వేళ్ళు ముందు పరుగెత్తాయి. ఫైలు డిలీట్ అయిపోయింది.

తర్వాత డిస్కు చూస్తే ఇంకా నిండే ఉంది. ఇదేమంత వింత కాదు. లినక్స్‌లో ఒక ఫైలును చెరిపేస్తే ముందు పోయేది దాని పేరే. ఏదైనా ప్రోగ్రాం ఆ ఫైలును తెరిచి పట్టుకొని ఉంటే లోపలి సరుకు అలాగే ఉంటుంది. ఆ ప్రోగ్రాం చెయ్యి వదిలినప్పుడే అసలు చోటు ఖాళీ అవుతుంది. దానికి మందు కూడా తెలిసిందే, ఆ ప్రోగ్రాంను ఆపి మళ్ళీ పెట్టడం. ఎవరు పట్టుకున్నారో చూపించమని అడిగింది, జవాబులో ఉన్న నంబరు చూసి ఆపే ఆజ్ఞ టైపు చేసేసింది. ఎంటర్ మీద వేలు పెట్టాక, ఎందుకో, ఆ నంబరు పక్కనున్న పేరు చదివింది.

మాటల గది రికార్డరు.

పై ప్రాణాలు పైనే పోయాయి. వేలు ఎంటర్ మీంచి తియ్యడానికి కూడా భయమేసింది, పొరపాటున తగులుతుందేమోనని. టైపు చేసిన దాన్ని ఒక్కో అక్షరం చెరిపేసింది. "ఓరి దేవుడా, ఎంత పని చేశాను, ఎంత పని చేశాను" అని గదికంతా వినబడేలా అనుకుంది. ఈ పొద్దున మాస్టారు మాట్లాడిందంతా ఆ పేరు లేని ఫైలులో ఉంది. ఇంకో కాపీ లేదు. అక్కడ పైన ఎవరైనా 'ఆపు' అని నొక్కినా పోతుంది. డిస్కు నిండిన దెబ్బకు రికార్డరు దానంతటదే పడిపోయినా పోతుంది. సర్వరు ఆరినా పోతుంది. మళ్ళీ మాట్లాడించుకుందామంటే మధ్యాహ్నానికి ఆ మనిషికి గొంతే ఉండదు.

మాటల గదికి ఫోను చేసింది. ఎత్తలేదు. మైకు దగ్గర ఫోన్లు ఉండకూడదని బీరువాలో పెడతారు, ఆ రూలు కూడా తను పెట్టించిందే. ముందు డిస్కుకు కాస్త ఊపిరి ఆడాలి. పాత ఇన్‌స్టలేషన్ ఫైళ్ళు నాలుగు వెతికి, ఈసారి ఒక్కోదాన్నీ రెండుసార్లు చదివి, వేలితో తెర మీద గీసి చూసుకొని తీసేసింది. సొరుగులోని యూఎస్‌బీ డిస్కు తెచ్చి గుచ్చింది. రికార్డరు పట్టుకున్న ఆ పేరు లేని సరుకును లినక్స్ ఒక దొడ్డిదారిలో చూడనిస్తుంది. ఆ దారిన కాపీ మొదలుపెట్టి, కొత్త భవనం వైపు పరుగు తీసింది. తలుపుకు తాళం కాదుగదా, గొళ్ళెం కూడా పెట్టలేదు.

మాటల గది బయట ఎర్రబల్బు వెలుగుతోంది. బల్బు వెలుగుతుండగా ఎవరూ లోపలికి రాకూడదు. ఆమె తలుపు తోసుకొని వెళ్ళింది. అద్దం అవతల మాస్టారు మైకు ముందు తడిగుడ్డతో పెదాలు అద్దుకుంటున్నాడు. ఇవతల రికార్డింగు చూసుకునే స్పీచ్ థెరపిస్టు నవ్వుతూ, "అయిపోయిందక్కా, బ్రహ్మాండంగా వచ్చింది" అంటూ మౌసు మీద చెయ్యి వేసింది.

"ఆపకు!"

థెరపిస్టు చెయ్యి గాల్లో ఉండిపోయింది. "ఏమైందక్కా?"

"ఆ మౌసు వదిలెయ్. దాని జోలికి వెళ్ళకు. నడవనీ." ఆయాసంతో మాట రావడం లేదు. "ఫైలు చెరిపేశాను. నేనే. చెత్త అనుకున్నాను."

ఆ పిల్ల ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అక్కా, ఇవాళ ఆయన మేం రోజూ చదివించే మాటల లిస్టు చదవలేదు. లిస్టు నిన్నటితో అయిపోయింది. ఇవాళ ఇంట్లో మాట్లాడుకునే మాటలు మాట్లాడారు. వాళ్ళావిడతో మాట్లాడేవి. పొద్దుట్నుంచీ అదే."

బయట స్ట్రెచర్ చక్రాల చప్పుడయింది. ఆపరేషను థియేటరు వాళ్ళు వచ్చారు, వాళ్ళ వెనకే మాస్టారి భార్య. సన్నగా, పొట్టిగా, చేతిసంచిని ఛాతీకి హత్తుకొని నిలబడింది. సర్వరక్కకు ఒక్క క్షణం అబద్ధమాడాలనిపించింది. ఏదో చిన్న రిపేరు, అన్నీ సర్దుకుంటాయి అనేసి మనిషిని ప్రశాంతంగా పంపేయొచ్చు. కానీ ఆయన అద్దంలోంచి ఆమె ముఖాన్నే చూస్తున్నాడు. ఎదురుగా వచ్చేవాడి వాలకం చూసి బండి తిప్పే మనిషికి ఈ ముఖం చదవడం ఒక లెక్కా? లోపలికి వెళ్ళి చెప్పేసింది.

"మాస్టారూ, మీరు ఇవాళ మాట్లాడింది పొరపాటున నేను చెరిపేశాను. పూర్తిగా పోలేదు. గది తలుపు మీద పేరు కొట్టేశాను, లోపల సామాను ఇంకా ఉంది. ఆ మిషను నడుస్తున్నంతసేపే ఉంటుంది. ఈలోగా బయటికి తెస్తున్నాను. వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేను. క్షమించమని అడగడానికి కూడా నాకు నోరు రావడం లేదు."

ఆయన మాట్లాడబోయాడు. "రికార్డింగు అయ్యాక మాట్లాడొద్దన్నారు కదండీ" అని భార్య అడ్డుపడింది. ఆయన వినలేదు. గొంతు ఆకు మీద ఇసుక పోసినట్టు వచ్చింది. "తెస్తావు కదూ?"

"నా ప్రాణం పెట్టయినా తెస్తాను."

"నీ ప్రాణం నాకెందుకమ్మా. అది తెస్తే చాలు."

స్ట్రెచర్ ఎక్కాడు. దాన్ని తోసుకుంటూ లిఫ్టు వైపు వెళ్ళిపోయారు, భార్య పక్కనే నడిచింది. ఆయన సొంత గొంతుతో ఆఖరిసారి మాట్లాడింది తనతోనేనేమోనని సర్వరక్కకు అప్పుడు తట్టింది. అంతలో చేతిలోని ఫోను మోగింది. కౌంటరు పెద్దాయన.

"ఎన్నిసార్లు చేసినా ఎత్తవేంటమ్మా? ఇక్కడ రిపోర్టుల కోసం ఒకడు నా కాలర్ పట్టుకున్నాడు. నువ్వేం కంగారుపడకు. నువ్వు నేర్పిన విద్యే ఉందిగా, నేను వెళ్ళి ఆ బటను నొక్కేస్తా."

"బాబాయ్, వద్దు! ముట్టుకోకు!"

ఫోను కట్టయింది. కౌంటరు ఫోను పెట్టేసి కదిలినట్టున్నాడు, తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు. మెట్ల కింద గది, తీసి ఉన్న తలుపు, గట్టిగా నొక్కి పట్టుకోమని తను చెప్పిన పాఠం. "ఎవరూ దీన్ని ఆపకుండా చూడు" అని థెరపిస్టుకు చెప్పి మెట్ల వైపు పరుగెత్తింది. దారిలో ఒక చెప్పు జారిపోయింది. రెండోది తనే విసిరికొట్టింది. రోగుల మధ్య నుంచి, చక్రాల కుర్చీల మధ్య నుంచి "జరగండి, జరగండి" అంటూ దూసుకుపోతుంటే ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందనుకొని అందరూ దారిచ్చారు.

పెద్దాయన ముక్కు మీదికి కళ్ళజోడు జార్చుకొని సర్వరు ముందు వంగి ఉన్నాడు. బొటనవేలు బటను మీద ఉంది. ఆమె అరవలేదు, అరిస్తే అదిరిపడి నొక్కేస్తాడు. వెనకనుంచి వెళ్ళి ఆయన మణికట్టు పట్టుకొని వెనక్కి లాగింది.

"అయ్యో, ఏంటమ్మా ఇది! నువ్వు చెప్పినట్టేగా!"

"నేను చెప్పిందే బాబాయ్. తప్పు నీది కాదు. నొక్కావా?"

"ఇంకా లేదు. ఇదా, పక్కదా అని చూస్తున్నా. కళ్ళు సరిగ్గా ఆనడం లేదు."

ఆమె ఆయన మణికట్టు వదలకుండానే తెర వైపు చూసింది. కాపీ ఆగిపోయి ఉంది. 'ఫైలు మరీ పెద్దది' అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది మిషను. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ఆ యూఎస్‌బీ డిస్కు ఏ కంప్యూటరులో గుచ్చినా పనిచెయ్యాలని ఆమె పాత పద్ధతిలో సిద్ధం చేసి పెట్టుకుంది. ఆ పద్ధతిలో ఒక హద్దు దాటిన ఫైలు పట్టదు. పొద్దుట్నుంచీ రెండు మైకులతో మాట్లాడిన మాటలు ఆ హద్దును ఎప్పుడో దాటేశాయి. డిస్కును కొత్తగా సిద్ధం చేద్దామంటే అందులో ఉన్న ఆసుపత్రి బ్యాకప్ తుడిచిపెట్టుకుపోతుంది. ఇవాళ ఒకసారి చెరిపింది చాలు.

"బాబాయ్, నువ్వు గుమ్మంలో నిలబడు. పెద్ద డాక్టరొచ్చినా లోపలికి రానివ్వకు."

"మరి రిపోర్టులు?"

"రిపోర్టులు ఒక పూట ఆలస్యమైతే చేతిరాతతో ఇస్తారు. ఇది పోతే మళ్ళీ ఇచ్చేవాడు లేడు."

పెద్దాయన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఆమె కుర్చీ అంచున కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకొని, వేళ్ళు మడిచి, మళ్ళీ విప్పింది. ఈ వేళ్ళను ఇప్పుడు నమ్మడానికి లేదు. తర్వాత ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ, కొత్తగా టైపు నేర్చుకునే పిల్లలా కొట్టింది. పెద్ద ఫైలును ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను డిస్కు పట్టేంత సైజులో రాయమంది. మూడుసార్లు చదివాక గానీ ఎంటర్ నొక్కలేదు.

మొదటి ముక్క వచ్చింది. రెండోది మొదలైంది. సర్వరు ఫ్యాను మోతలో ఏ తేడా వినబడినా ఆమె అటు చెవి పెట్టి వినేది. గుమ్మం దగ్గర ఎవరో గొడవ పెట్టుకున్నారు, పెద్దాయన జవాబు వినిపించింది. "లోపల ఆపరేషను జరుగుతోందయ్యా, వెళ్ళు." ఆఖరి ముక్క పూర్తయ్యాక మిషను ఏమీ అనలేదు. లినక్స్ ఏమీ అనలేదంటే పని బాగా జరిగిందని అర్థం.

బల్ల సొరుగులోంచి తన ల్యాప్‌టాప్ తీసి, ముక్కలన్నిటినీ అందులో ఒకటిగా అతికించింది. తలెత్తి చూస్తే గుమ్మంలో పెద్దాయన పక్కన మాస్టారి భార్య నిలబడి ఉంది. థియేటరు బయట కూర్చోలేక, అడుగుతూ అడుగుతూ వచ్చినట్టుంది.

"లోపలికి తీసుకెళ్ళారమ్మా" అంది. "ఇది... వచ్చిందా?"

"రండి. కూర్చోండి." ఉన్న ఒక్క కుర్చీ ఆమెకిచ్చి, తను నేల మీద కూర్చొని ఫైలు తెరిచింది.

నిడివి సున్నా. లోపల ఏమీ లేదంటోంది ల్యాప్‌టాప్.

వెనక కుర్చీలో ఆవిడ ఊపిరి వినబడుతోంది. సైజు చూస్తే కొండంత ఉంది, పాడమంటే ఏమీ లేదంటోంది. ముందు చెవి పెట్టి విను, అంటాడు ఇంట్లో గురువు. సరే, ఏం చెబుతోంది ఇది? నిడివి సున్నా అని ఫైలు మొదట్లో రాసి ఉంది, అంతే కదా. ఎంతసేపు మాట్లాడారో రికార్డరు ఎప్పుడు రాస్తుంది? అంతా అయ్యాక, 'ఆపు' అని నొక్కినప్పుడు రాస్తుంది. ఇవాళ ఆపలేదు. కాబట్టి రాయలేదు. మొదట్లో రాసి ఉన్నదాన్ని పట్టించుకోవద్దు, లోపలున్నదే తిన్నగా పలుకు అని ఆజ్ఞ మార్చి ఇచ్చింది.

ముందు గరగర. తర్వాత దగ్గు. ఆ తర్వాత చీపుళ్ళ గది నాలుగు గోడలూ నిండిపోయేలా మనిషి గొంతు.

"ఏమోయ్! ఎక్కడున్నావ్?"

"ఇక్కడే" అంది ఆవిడ. అనేశాక గానీ ఎవరికి చెప్పిందో ఆమెకు తెలియలేదు. సంచి ఒళ్ళోంచి జారింది.

"బీపీ మాత్ర వేసుకున్నావా?" అని అడిగింది ఆ గొంతు.

"ఆఁ, వేసుకున్నానండీ."

కాసేపు ఏమీ లేదు. అవతలి మనిషి జవాబు చెప్పేంత సేపు ఆయన ఆగాడు.

"అబద్ధాలు చెప్పకు. నా గొడవలో పడి మర్చిపోయుంటావు. లే, ముందు మాత్ర వేసుకో."

ఆవిడ కింద పడ్డ సంచి తీసుకొని, అందులో చెయ్యి పెట్టి మాత్రల అట్ట బయటికి తీసింది. ఆ రోజుది అలాగే ఉంది. గుమ్మంలో పెద్దాయన ముఖం అటు తిప్పుకున్నాడు. సర్వరక్క ఏడుస్తూనే లేచి, బల్ల మీది నీళ్ళ సీసా మూత తీసి ఆవిడకు అందించింది.